తెలిసినవాడేనని చెప్పలేదు

కొత్తగూడెంలో ఉన్నంతకాలం అతను చక్రధర్. అమెరికా వచ్చాక చక్ అయ్యాడు. మొదటి ఉద్యోగంలో మేనేజరు పెట్టిన పేరది. "నీ పేరులో సగమే నా నోరు తిరుగుతోంది" అన్నాడాయన నవ్వుతూ. చక్రధర్ కూడా నవ్వేశాడు. అలా నవ్వేసి ఊరుకోవడం అతనికి బాగా కలిసొచ్చింది. వీసా మీద ఉన్నన్నాళ్లూ, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసినన్నాళ్లూ ఎవరినీ ఒక మాట అనలేదు, ఎవరిచేతా అనిపించుకోలేదు. ఆఫీసులో ఎవరైనా రాజకీయాలెత్తితే కాఫీ కప్పు పట్టుకుని లేచి వెళ్లిపోయేవాడు.

డల్లాస్‌లో కొన్నేళ్లు పనిచేశాక బెంటన్‌విల్ వచ్చాడు. అక్కడి పెద్ద రిటైల్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగం. బెంటన్‌విల్‌లో ఇళ్లు అందుబాటులో లేక, కారులో కాస్త దూరం వెళ్తే వచ్చే ఒక చిన్న ఊళ్లో ఇల్లు కొన్నాడు. భార్య స్రవంతిది తెనాలి. కూతురు అనిక ఇక్కడే పుట్టింది, హైస్కూల్లో చదువుతోంది. పౌరసత్వం ఇచ్చిన రోజు ముగ్గురూ చిన్న చిన్న జెండాలు పట్టుకుని ఫొటో దిగారు. ఇంటికొచ్చాక చక్రధర్ సోఫాలో వెనక్కి వాలి, "ఇక మనల్ని ఎవడూ పొమ్మనలేడు" అన్నాడు. ఆ మాటని అతను తర్వాత చాలాసార్లు అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

వాళ్లది చివర గుండ్రంగా మూసుకుపోయే వీధి. కొద్ది ఇళ్లే. పక్కింట్లో డేల్ ఉండేవాడు. రిటైరైన లారీ డ్రైవరు, తెల్లవాడు, వేసవిలో టమాటాలు పండించి సంచిలో పెట్టి అందరి గుమ్మాల్లో వదిలేసేవాడు. ఎదురింట్లో టెరెన్స్. నల్లజాతివాడు, సైన్యంలో పనిచేసి వచ్చి, ఇప్పుడు లారీల రాకపోకలు చూసే ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాడు. అతని భార్య ఆసుపత్రిలో నర్సు. కూతురు నయోమి, అనిక ఒకే బడి, ఒకే పరుగు పందెం జట్టు.

ఆ ఊరు వచ్చిన మొదటి చలికాలంలో రోడ్డంతా మంచుగడ్డ కట్టిన రోజు చక్రధర్ కారు జారి కాలవలోకి దిగిపోయింది. ఫోన్ చేస్తే వచ్చింది టెరెన్సే. తన ట్రక్కుకి గొలుసు కట్టి బయటికి లాగాడు, మంచుమీద బ్రేకు ఎలా తొక్కకూడదో అరగంట నేర్పాడు. అప్పటినుంచీ స్రవంతి పులిహోర కలిపినప్పుడల్లా ఒక డబ్బా ఎదురింటికి వెళ్లేది. డబ్బా ఖాళీగా వచ్చేది కాదు. ఒకసారి కార్న్‌బ్రెడ్, ఒకసారి నయోమి చేసిన కుకీలు. అనిక అతన్ని టెరెన్స్ అంకుల్ అనేది. మొదటిసారి విన్నప్పుడు అతను చేతిలో ఉన్న నీళ్ల పైపు వదిలేసి నవ్వాడు. "నాకు ఇంతవరకూ ఇండియన్ మేనకోడలు లేదు" అన్నాడు.

నీరజ్ వాళ్లింట్లో దొంగతనం జరగడంతో వీధి మారిపోయింది.

నీరజ్, అతని భార్య దేదీప్య అదే వీధి మలుపులో ఉంటారు. ఒక పెళ్లికని డల్లాస్ వెళ్లి వచ్చేసరికి వెనక తలుపు పగిలి ఉంది, దేదీప్య నగల పెట్టె లేదు. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు ఆ రాత్రంతా మోగుతూనే ఉంది. మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకి తెలిసిపోయిందని ఒకరు, లాకరు తీసుకోమని ఒకరు, కుక్కని పెంచుకోమని ఒకరు. నీరజ్ ఇంటిచుట్టూ అలారం పెట్టించుకున్నాడు. చక్రధర్ తుపాకీ కొంటానన్నాడు.

"ఇంట్లో పిల్ల ఉంది. గన్ ఏంటి?" అంది స్రవంతి.

"డేల్ ఇంట్ల గోడనిండా ఉన్నయ్. ఎవడన్నా వాళ్లింటి జోలికి పోయిండా?"

"డేల్‌కి ఉంటే మనకెందుకు?"

"ఏ, మనం ఈ దేశపోళ్లం కాదా? లీగలే కదా. సిటిజన్స్‌మి మనం."

డేలే అతన్ని దుకాణానికి తీసుకెళ్లాడు. గుమ్మంలో అడుగుపెట్టగానే, "నా పొరుగువాడు, కుటుంబం ఉన్నవాడు, మంచివాడు" అని పరిచయం చేశాడు. దుకాణదారు కౌంటరు అవతలినుంచి చేయి చాచి గట్టిగా ఊపాడు. ఇల్లాలినీ పిల్లనీ కాపాడుకోవాలనుకునే మగవాడంటే తనకు గౌరవమన్నాడు. మీవాళ్లు ఇంకా రావాలి, మీరు కష్టపడే మనుషులు అన్నాడు. ఒక్కొక్క పిస్తోలూ తీసి అరచేతిలో పెట్టి, బరువు చూసుకోమన్నాడు. ఇన్నేళ్లలో ఏ దుకాణంలోనూ, ఏ ఆఫీసులోనూ చక్రధర్‌కి అంత మర్యాద జరగలేదు. ఇంటికి వస్తూ దారంతా డేల్‌తో తెగ మాట్లాడాడు. ఆ రోజు కొనుక్కున్నది పిస్తోలు ఒక్కటే కాదని అతనికి చాలా ఆలస్యంగా తెలిసింది.

కొన్నాక కాల్చడం నేర్చుకోవాలి. దానికి టెరెన్స్‌ని అడిగాడు. సైన్యంలో పనిచేసినవాడికన్నా బాగా ఎవరు చెప్తారు?

అడవి పక్కన ఒక షూటింగ్ రేంజ్ ఉంది. ఇద్దరూ కలిసి వెళ్లారు. కౌంటరులో కుర్రాడు చక్రధర్‌ని చూసి, "మొదటిసారా? వెల్‌కమ్" అని చెవులకి పెట్టుకునేవి ఇచ్చాడు. టెరెన్స్ వైపు తిరిగి గుర్తింపు కార్డు అడిగాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. వెంట తెచ్చుకున్న తుపాకీ తనదేనా అని అడిగాడు. టెరెన్స్ అన్నిటికీ నెమ్మదిగా, 'సర్' చేర్చి జవాబు చెప్పాడు. నిజానికి ఆ ఇద్దరిలో తుపాకీ పట్టడం కూడా రానివాడు చక్రధరే.

లోపలికి వెళ్తూ చక్రధర్ నవ్వాడు. "నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా మొహం చూస్తేనే భయం లేనట్టుంది."

"నన్ను ప్రతిసారీ అడుగుతారు" అన్నాడు టెరెన్స్. అతను నవ్వలేదు. తుపాకీ నేలవైపు తిప్పి, "చక్, మొదటి పాఠం. కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు" అన్నాడు.

వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం నీరజ్ వాళ్లింటి అలారం మోగింది. ఇంట్లో ఎవరూ లేరు. చక్రధర్ లోపలికి పరుగెత్తి పిస్తోలు తెచ్చుకున్నాడు. చేత్తో పట్టుకునే వీధిలోకి వచ్చాడు. నేర్చుకున్నదేదీ గుర్తులేదు, వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. నీరజ్ ఇంటి ముందు గడ్డిలో నిలబడి ఏం చెయ్యాలో తెలియక అటూ ఇటూ చూస్తుండగా పోలీసు కారు వచ్చింది. దిగిన ఆఫీసరు పేరు హోల్ట్, నడివయసు తెల్లవాడు. చక్రధర్‌ని చూశాడు, చేతిలో తుపాకీని చూశాడు.

"సర్, ముందు దాన్ని జేబులోనో ఒరలోనో పెట్టేయండి. నా గుండె ఆగేట్టుంది" అన్నాడు నవ్వుతూ.

చక్రధర్ కంగారుగా సారీ చెప్పాడు. ఫ్రెండ్ ఇల్లు, ఇదివరకు దొంగలు పడ్డారు, అందుకే వచ్చానన్నాడు. హోల్ట్ ఇల్లు చుట్టి వచ్చి, గాలికి తలుపు తెరుచుకుందని చెప్పాడు. "మీ చోట నేనున్నా ఇదే చేసేవాణ్ని. వీధికి మీలాంటివాళ్లు కావాలి" అని భుజం తట్టి, పేరడిగాడు. చక్ అని చెప్పాడు చక్రధర్.

ఆ కథ అతనికి చాలా ఇష్టమైపోయింది. దీపావళి పార్టీలో చెప్పాడు, పుట్టినరోజుల్లో చెప్పాడు. వేలు ట్రిగ్గర్ మీద ఉన్న సంగతి కూడా నవ్వు పుట్టేలా చెప్పేవాడు. "పోలీసోడు భుజం తట్టిండు తెలుసా" అనేవాడు. అప్పటినుంచి పిస్తోలు నడుముకే పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. చెత్తడబ్బా బయట పెట్టడానికి వెళ్లినా సరే. ఆ రాష్ట్రంలో అందుకు లైసెన్సు కూడా అక్కర్లేదు. టెరెన్స్ మాత్రం క్లాసులకి వెళ్లి లైసెన్సు తీసుకున్నాడు. అక్కర్లేనిది ఎందుకని చక్రధర్ అడిగితే, "నీకు అక్కర్లేదు" అన్నాడతను.

చలికాలం మొదలవుతుండగా ఒక శనివారం మళ్లీ అలారం మోగింది. నీరజ్ వాళ్లు డల్లాస్‌లో ఉన్నారు. చక్రధర్ గరాజ్‌లో కారు తుడుస్తున్నాడు, బయటికి వచ్చేసరికి టెరెన్స్ అప్పటికే నీరజ్ వాళ్ల డ్రైవ్‌వేలో ఉన్నాడు. తుపాకీ ఒరలోనే ఉంది, చొక్కా కిందనుంచి కొద్దిగా కనిపిస్తోంది. అతను దాన్ని ముట్టుకోలేదు. చేతిలో ఫోను. ఇంటివైపు చూస్తూ నీరజ్‌కి ఫోన్ చేస్తున్నట్టున్నాడు.

పోలీసు కారు ఈసారి సర్రున వచ్చి ఆగింది. దిగింది హోల్టే. కారు తలుపు చాటున నిలబడి తుపాకీ గురిపెట్టాడు.

"చేతులు! చేతులు కనిపించాలి!"

టెరెన్స్ కదలలేదు. ఫోను పట్టుకున్న చేతినీ, ఖాళీ చేతినీ మెల్లగా పైకెత్తాడు. ఎన్నోసార్లు చేసి ఉన్న పనిలా ఉంది. "సర్, నేను ఎదురింట్లో ఉంటాను. నా కుడి నడుము దగ్గర తుపాకీ ఉంది. లైసెన్సు ఉంది. దాన్ని నేను ముట్టుకోను" అన్నాడు.

"నేలమీద పడుకో! బోర్లా!"

టెరెన్స్ మోకాళ్లమీద కూర్చుని, తర్వాత కాంక్రీటు మీద బోర్లా పడుకున్నాడు. చెంప నేలకి ఆనింది. హోల్ట్ వచ్చి వీపుమీద మోకాలు పెట్టి, ఒరలోంచి తుపాకీ లాగి, చేతులకి బేడీలు వేశాడు.

చక్రధర్ అప్పటికి దగ్గరికి వచ్చేశాడు. అతని నడుముకీ పిస్తోలు ఉంది. టీషర్టు అక్కడ ఉబ్బుగా ఉంది. హోల్ట్ తల తిప్పి చూశాడు. మొహం కాస్త సడలింది.

"హేయ్, చక్! మీరు కాస్త వెనక్కి ఉండండి. ఇతను మీకు తెలుసా? ఇక్కడే ఉంటానంటున్నాడు."

కాలవలోంచి కారు లాగిన మనిషి. ఎన్ని పులిహోర డబ్బాలో. మంచుమీద బ్రేకు, ట్రిగ్గర్ మీద వేలు నేర్పినవాడు. కాంక్రీటు మీదనుంచి టెరెన్స్ ఒక కన్ను పైకి తిప్పి చక్రధర్‌ని చూస్తున్నాడు.

"ఐ థింక్ సో" అన్నాడు చక్రధర్.

అనుకుంటాను, అన్నాడు. అంతే. ఆ మాట అతని నోట్లోంచి ఆలోచించకుండానే వచ్చింది. ఆఫీసు మీటింగుల్లో ఏదీ తన మీద పడకుండా ఉండటానికి వాడే మాట. రేపు తప్పని తేలితే నాది కాదు, ఒప్పని తేలితే నేను చెప్పాను కదా. ఒక మనిషి నేలమీద పడి ఉంటే ఆ మాటే వచ్చింది.

టెరెన్స్ అతని మీదనుంచి చూపు తిప్పేసుకున్నాడు.

అరిచింది అనిక. ఎప్పుడొచ్చిందో, చెప్పులు కూడా లేకుండా డ్రైవ్‌వే చివర నిలబడి ఉంది. "ఐ థింక్ సో ఏంటి నాన్నా? హి ఈజ్ టెరెన్స్ అంకుల్! అదిగో వాళ్లిల్లు! నయోమి ఇల్లు! చెప్పు నాన్నా, టెల్ హిమ్!" హోల్ట్ ఆ పిల్లని వెనక్కి వెళ్లమన్నాడు. అది వెళ్లలేదు. ఎదురింటి కిటికీలో నయోమి నిలబడి ఉంది, రెండు చేతులూ అద్దానికి ఆనించి.

లైసెన్సు చూసి, రేడియోలో ఎవరితోనో మాట్లాడి, చివరికి హోల్ట్ బేడీలు తీశాడు. ఈమధ్య దొంగతనాలు ఎక్కువయ్యాయని, జాగ్రత్తగా ఉండాల్సి వస్తుందని చెప్పాడు. సారీ అనలేదు. తుపాకీలోంచి తూటాలు తీసేసి, రెండూ విడివిడిగా టెరెన్స్ చేతికిచ్చాడు. వెళ్లేముందు చక్రధర్‌కి చెయ్యి ఊపాడు. చక్రధర్ చెయ్యి కూడా లేచింది. సగంలో ఉండగా దింపేసుకున్నాడు.

టెరెన్స్ చెంపకి అంటిన ఇసక తుడుచుకున్నాడు. "నీరజ్‌కి చెప్పు, వెనక తలుపు వేసే ఉంది. ఏం పోలేదు" అన్నాడు. రోడ్డు దాటి ఇంట్లోకి వెళ్లిపోయాడు.

ఆ రోజు అనిక అన్నానికి రాలేదు. స్రవంతి వంటింట్లో గిన్నెలు తోముతూ వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నిజంగా అలా అన్నావా?"

"భయమేసింది స్రవంతీ. ఆ పోలీసోని చేతిల గన్ను ఉన్నది. నా నడుముకు కూడా ఉండె. నన్నేమంటడో అని..."

"నిన్ను పేరు పెట్టి పిలిచాడటగా. అనిక చెప్పింది."

భయం నిజమే, కాని భయం ఒక్కటే అయితే ఇంత సిగ్గు ఉండేది కాదు. బాత్రూంలో తలుపేసుకుని, నడుముకున్న పిస్తోలు తీసి సింకు పక్కన పెట్టి, దానివంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. హోల్ట్ 'చక్' అని పిలిచినప్పుడు లోపల ఒక చిన్న సంతోషం కలిగింది. ఒక మనిషి నేలమీద ఉండగా కలిగింది. ఆ పిలుపు పోగొట్టుకోవడం ఇష్టంలేకే ఆ మాట అన్నాడు. ఆ సంగతి స్రవంతికి చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు పొద్దున చెత్తడబ్బా దగ్గర డేల్ కలిశాడు. కిటికీలోంచి అంతా చూశానన్నాడు.

"టెరెన్స్ మంచివాడే. కాని తుపాకీ కనిపించేలా అలా నిలబడకూడదు. పోలీసులకి ఏం తెలుస్తుంది?"

"నేను చేత్తో పట్టుకుని నిలబడ్డాను డేల్. అదే ఇంటి ముందు."

"అది వేరు."

"ఎలా వేరు?"

డేల్ ఇబ్బందిగా గడ్డివంక చూశాడు. "నిన్ను చూస్తే తెలుస్తుంది కదా, నువ్వు అలాంటివాడివి కాదని" అన్నాడు. డేల్ చెడ్డవాడు కాడు. టెరెన్స్ గుమ్మంలో కూడా ఆయన టమాటాలు పెట్టేవాడు. నిన్నటిదాకా ఆ మాట వింటే చక్రధర్ కడుపు నిండేది. ఇవాళ మింగుడుపడలేదు, ఎందుకంటే తనూ అలాగే అనుకుంటూ వచ్చాడు. డేల్ గోడనిండా ఉన్న తుపాకుల్ని చూసి ఇవన్నీ ఎందుకని ఎప్పుడూ అడగలేదు. టెరెన్స్‌కి ఒక్కటి ఉందని తెలిసిన రోజు ఇంటికొచ్చి స్రవంతితో, "వాళ్ల దగ్గర గన్నుండుడు ఎందుకో..." అని గొణిగాడు. ఆర్మీ మనిషి కదా అని తర్వాత తనే సర్దిచెప్పుకున్నాడు. డేల్‌కి ఆ సర్దుబాటు అవసరమే రాలేదు.

అక్కణ్నించి తిన్నగా రోడ్డు దాటి ఎదురింటి తలుపు తట్టాడు. టెరెన్స్ బయటికి వచ్చి, తలుపు వెనక్కి లాగి మూసేశాడు. లోపలికి రమ్మనలేదు.

"సారీ చెప్పడానికి వచ్చాను" అన్నాడు చక్రధర్.

"దేనికి?"

"నిన్న జరిగినదానికి."

"నిన్న చాలా జరిగింది. అందులో నీది ఏదో చెప్పు."

చక్రధర్ మెట్లమీద నిలబడి తన చెప్పులవంక చూసుకున్నాడు. "నువ్వు ఇక్కడే ఉంటావని నాకు తెలుసు. తెలిసి కూడా అనుకుంటానని అన్నాను."

టెరెన్స్ తల ఊపాడు. "నీ నడుముకీ తుపాకీ ఉంది. కిందనుంచి నాకు బాగా కనిపించింది. వాడికి కనిపించలేదు" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది, మామూలుగా అన్నాడు. "నువ్వు వాడితో పోట్లాడతావని అనుకోలేదు చక్. ఆ పని నేనూ చెయ్యలేదు. ఒక్క నిజం చెప్తావనుకున్నాను. 'అవును, నా పొరుగువాడు.' దానికి ధైర్యం కూడా అక్కర్లేదు."

"తుపాకీ అమ్మేస్తాను" అన్నాడు చక్రధర్. రాత్రంతా ఆలోచించి, అదే పెద్ద ప్రాయశ్చిత్తం అనుకున్నాడు.

టెరెన్స్ మొదటిసారి విసుగుపడ్డాడు. "అమ్ముకో. నీకు దాంతో పనిలేదు, ఎప్పుడూ లేదు. నేను అమ్మలేను. మా తాత మిసిసిపీలో, తెల్లవాళ్ల గుంపు ఎప్పుడు ఇంటిమీదికి వస్తుందోనని, రాత్రిళ్లు తుపాకీ ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చునేవాడు, ఆయన పిలిస్తే పోలీసులు వచ్చేవాళ్లు కాదు. చట్టం రాసింది నాకూ నీకూ డేల్‌కీ ఒకటే, నేలమీద పడుకోబెట్టింది నన్నే. నువ్వు అమ్మితే నేను లేచి నిలబడతానా?"

చక్రధర్ అమ్మేశాడు. కాని ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

నీరజ్ వాళ్ల నాన్న కృష్ణారావు గారు ఆ నెలలోనే ఇండియానుంచి వచ్చారు. స్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన వచ్చారని నీరజ్ ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ పెట్టాడు. భోజనాలయ్యాక ఎవరో, "చక్రధర్ అన్నా, ఆ పోలీసోడి కథ చెప్పన్నా, అంకుల్ వినలేదు" అన్నారు. అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. అనిక లేచి వంటింట్లోకి వెళ్లిపోబోయింది.

చక్రధర్ చెప్పాడు. మొదటిసారిది చెప్పాడు, అందరూ నవ్వారు. అక్కడితో ఆపలేదు. రెండోసారిది కూడా చెప్పాడు. కాంక్రీటు, బేడీలు, తన నడుముకున్న పిస్తోలు, హోల్ట్ అడిగిన ప్రశ్న, తన జవాబు. మధ్యలో ఆగి మంచినీళ్లు తాగి, మిగతాదీ చెప్పాడు. కూల్‌డ్రింక్ గ్లాసులో ఐస్ చప్పుడు వినిపించింది.

"ఇప్పుడవన్నీ ఎందుకన్నా?" అన్నాడు నీరజ్. "నువ్వు కరెక్టే చేశావ్. రిస్క్ తీసుకోకూడదు. నల్లోళ్ల దగ్గర గన్ ఉందంటే పోలీసులకే కాదు, మనకీ భయమే కదా. అబద్ధమా?"

ఒకరిద్దరు తలలూపారు. కృష్ణారావు గారు మాత్రం కొడుకువైపు అయోమయంగా చూశారు.

"ఒరే, ఆయన వచ్చింది మన ఇల్లు చూడ్డానికే కదూ?"

"అవును నాన్నా."

"మరి వెళ్లి ఒక మాట చెప్పొచ్చావా ఆయనకి?"

నీరజ్ ఫోను తీసి చూసుకున్నాడు. దేదీప్య లేచి స్వీట్లు తెస్తానని లోపలికి వెళ్లింది. వంటింటి గుమ్మంలో అనిక ఇంకా నిలబడే ఉంది.

టెరెన్స్ ఊరి పోలీసు శాఖమీద ఫిర్యాదు పెట్టాడని ఆ తర్వాత వారంలో తెలిసింది. చెప్పింది టెరెన్స్ కాదు, నయోమి ద్వారా తెలిసి అనిక చెప్పింది. నగర కౌన్సిల్ దాన్ని విచారిస్తుంది, చూసినవాళ్లెవరైనా వచ్చి మాట్లాడవచ్చు.

"కాంట్రాక్ట్ రిన్యూవల్ టైములో పేపర్లో పేరు పడితే?" అంది స్రవంతి. కాసేపాగి, "నాకు భయంగానే ఉంది. అయినా వెళ్లు" అంది.

విచారణ ఒక చిన్న హాల్లో జరిగింది. ముందు వరసలో హోల్ట్, అతని లాయరు. రెండోవైపు టెరెన్స్, అతని భార్య. టెరెన్స్ చక్రధర్‌ని చూశాడు, పలకరించలేదు. పిలిచినప్పుడు చక్రధర్ లేచి మైకు దగ్గరికి వెళ్లాడు. పేరు చెప్పమన్నారు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పాడు. రాసుకునే ఆమె మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు, ఒక్కొక్క అక్షరం.

"వేసవిలో అదే ఇంటి ముందు నేను తుపాకీ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. నాకు కాల్చడం సరిగా రాదు. ఆఫీసర్ హోల్ట్ నన్ను సర్ అన్నారు, భుజం తట్టారు. టెరెన్స్ తన తుపాకీని ముట్టుకోలేదు. అతన్ని నేలమీద పడుకోబెట్టారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను, నా దగ్గరా తుపాకీ ఉంది. నన్నెవరూ తనిఖీ చెయ్యలేదు." కాగితం మీద రాసుకొచ్చింది అక్కడితో అయిపోయింది. మిగిలింది రాసుకోలేదు. "ఇతను తెలుసా అని ఆఫీసర్ నన్నడిగారు. తెలుసు. ఆరేళ్లుగా తెలుసు. నేను తెలుసనలేదు. అనుకుంటానన్నాను. అది కూడా మీ రికార్డులో ఉండాలి."

హోల్ట్ లాయరు ఒకే ప్రశ్న వేశాడు. "అంటే ఆ సమయంలో మీకే నమ్మకం లేదు, ఆఫీసరుకి ఎలా ఉంటుంది?"

చక్రధర్ నోరు తెరిచాడు. ఆ ఒక్క మాట ఇప్పుడు టెరెన్స్‌కి ఎదురు తిరిగి నిలబడింది. "నాకు నమ్మకం ఉంది. అబద్ధం చెప్పాను" అన్నాడు. లాయరు థాంక్యూ అని కూర్చున్నాడు.

కొన్ని వారాలకి ఫలితం వచ్చింది. ఆఫీసరు నిబంధనల ప్రకారమే నడుచుకున్నాడని, అతనికి అదనపు శిక్షణ ఇస్తారని. ప్రత్యక్షసాక్షి కూడా ఆ సమయంలో ఖచ్చితంగా గుర్తించలేకపోయాడని అందులో ఒక వాక్యం ఉంది. చక్రధర్ ఆ వాక్యం చదివి ఆఫీసు పార్కింగ్‌లో కారులోనే కూర్చుండిపోయాడు. నవ్వేసి ఊరుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

ఆ సాయంత్రం టెరెన్స్ తన ట్రక్కు దగ్గర ఉంటే వెళ్లాడు.

"నావల్లే కేసు పోయింది" అన్నాడు.

"నువ్వు లేకపోయినా పోయేది" అన్నాడు టెరెన్స్. "ఇలాంటివి పోతాయి. కాని నువ్వు వచ్చి చెప్పావు. అది విన్నాను."

"మనం మళ్లీ..." అని ఆగాడు చక్రధర్.

టెరెన్స్ ట్రక్కు తలుపు వేశాడు. "తెలీదు చక్. నయోమి ఇప్పుడు అలారం ఏది మోగినా నన్ను బయటికి వెళ్లనివ్వడం లేదు. ముందు దాని సంగతి చూసుకోవాలి" అన్నాడు. లోపలికి వెళ్లబోతూ, శనివారం పిల్లల పరుగు పందెం ఉందని, తన భార్యకి డ్యూటీ పడిందని, అనికతో పాటు నయోమిని కూడా దింపగలవా అని అడిగాడు.

దింపుతానన్నాడు చక్రధర్. "తప్పకుండా దింపుతాను" అన్నాడు.

శనివారం పొద్దున పిల్లలిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. నయోమి గుడ్‌మార్నింగ్ అంది, అంతకుమించి అతనితో మాట్లాడలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వీధి మలుపు తిరుగుతుంటే ఎదురుగా పోలీసు కారొకటి మెల్లగా వచ్చింది. అద్దంలో చూస్తే, ఆ పిల్ల రెండు చేతులూ ఒళ్లోంచి తీసి ముందు సీటు వీపుమీద, కనిపించేలా పెట్టింది. ఎవరూ చెప్పలేదు. అనిక అటు చూసి, తన చేతులు కూడా అలాగే పెట్టింది. పోలీసు కారు దాటిపోయింది. చక్రధర్ రోడ్డుమీదే చూపు నిలిపి, మొహంలోకి ఎక్కుతున్న వేడిని పిల్లలు చూడకూడదనుకుంటూ, మెల్లగా నడిపాడు.